మంచుదేశపు దేవతల కథలు

పిల్లలూ! నంద్యాల జిల్లాలో బనగానపల్లె అనే ఊరున్నది. మామిడిపళ్ళ కాలంలో ఆ ఊరి పేరు తలుచుకోని తెలుగువాడుండడు. ఆ ఊరికి దగ్గరలోనే, కొండల నడుమ, యాగంటి క్షేత్రం ఉన్నది. అక్కడ ఉమామహేశ్వరస్వామి గుడి, నంది నోటినుంచి నీళ్ళు జారే కోనేరు, మండపంలో పెద్ద రాతి బసవన్న ఉన్నాయి.

ఆ బసవన్న ఏటికేడాది ఎదుగుతున్నాడని భక్తుల నమ్మకం. పూర్వం చుట్టూ ప్రదక్షిణం చేసేవారట. ఇప్పుడు సందు చాలదట. కలియుగం ముగిసే రోజున ఆ రాతి బసవన్న లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానంలో ఉన్నదని పెద్దలు చెబుతారు. కాలజ్ఞానం చెప్పిన పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లెలోనే గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఇంట ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో తాటాకుల మీద రాశారని ఆ ప్రాంతంవాళ్ళు కథగా చెప్పుకుంటారు.

యాగంటిలో ఇంకొక వింత కూడా ఉన్నది. అక్కడ కాకులు కనిపించవంటారు. అగస్త్యమహాముని తపస్సు చేసుకుంటూ ఉంటే కాకులు వచ్చి విసిగించాయట. మునికి కోపం వచ్చి, ఈ చోటికి మళ్ళీ రావద్దని శపించాడట.

ఇక చోద్యం వినండి. ఇక్కడికి వేల మైళ్ళ దూరాన, భూగోళం పై అంచున, మంచుదేశాలు ఉన్నాయి. అక్కడివాళ్ళు పూర్వం కొలిచిన పెద్ద దేవుడి పేరు ఓడిన్. మన అగస్త్యుడు కాకులను తరిమేస్తే, ఓడిన్ రెండు బొంతకాకులను భుజాలమీద కూర్చోబెట్టుకున్నాడు. లోకం ముగిసే రోజున ఇక్కడ బసవన్న రంకె వేస్తే, అక్కడ ఒక కొమ్ముబూర మోగుతుంది!

ఆ దేశపు కథలు ఇప్పుడు కొన్ని చెప్పుకుందాం. మీరు చదివి ఊరుకోకండి. రాత్రి అన్నాలయ్యాక మీ తమ్ముడికో చెల్లెలికో చెప్పండి.

దూడతోలు మీద రాసిన కథలు

నార్వే, స్వీడన్, డెన్మార్కు దేశాలవాళ్ళు పూర్వం గొప్ప ఓడప్రయాణాలు చేసేవారు. వాళ్ళలో కొందరు సుమారు 870వ సంవత్సరం తరవాత సముద్రం దాటి పోయి ఐస్లాండు అనే ద్వీపంలో కాపురాలు పెట్టారు. అది విచిత్రమైన ద్వీపం. ఒకపక్క కరగని మంచుకొండలు, ఇంకొకపక్క నిప్పు కక్కే కొండలు. వేసవిలో అర్ధరాత్రి కూడా చీకటిపడదు. చలికాలంలో నాలుగైదు గంటలు వెలుగుంటే గొప్ప. అంత పొడుగు రాత్రులు ఎట్లా గడుస్తాయి? పొయ్యి చుట్టూ కూర్చుని కథలు చెప్పుకునేవారు.

1000వ సంవత్సరం ప్రాంతాన ఆ ద్వీపంవాళ్ళంతా క్రైస్తవులయ్యారు. పాత దేవతలకు పూజలు పోయాయి. రెండు వందల ఏళ్ళు గడిచేసరికి కుర్రకవులకు పాత పద్యాలలోని కథలు అర్థం కావటం మానేశాయి. అది చూసి స్నోరీ స్టుర్లుసన్ అనే పెద్దమనిషికి దిగులు వేసింది. ‘పూజలు పోతే పోయాయి, కథలు పోనివ్వకూడదు,’ అనుకున్నాడు కాబోలు, 1220 ప్రాంతంలో ఆ కథలన్నిటినీ చేర్చి ‘ఎడ్డా’ అనే గ్రంథం రాశాడు. ఆయన రాయకపోతే మనం ఈవేళ చెప్పుకునే కథల్లో చాలా భాగం గాలిలో కలిసిపోయేవి. మన దేశంలో తాటాకుల మీద శిథిలమైపోతున్న వేమన పద్యాలను ఏరి, 1829లో అచ్చువేయించిన బ్రౌన్‌దొరగారిని తలుచుకుంటే, స్నోరీ చేసిన మేలు మీకు తెలుస్తుంది.

మనకు తాటాకులున్నట్టు వాళ్ళకు దూడతోలు ఉండేది. దాన్ని పలచగా గీకి, ఆరబెట్టి, దానిమీద రాసేవారు. పాత దేవతల పద్యాలున్న అటువంటి పుస్తకం ఒకటి 1643లో ఐస్లాండులో ఒక బిషప్పుకు దొరికింది. 1662లో అది డెన్మార్కు రాజుకు కానుకగా పోయింది. మూడువందల ఏళ్ళు పరాయిచోట ఉండి, 1971లో ఓడమీద స్వదేశానికి తిరిగివచ్చింది. ఆ పుస్తకానికి స్వాగతం చెప్పటానికి రేవు దగ్గర వేలకొద్దీ జనం చేరారు. కథల విలువ తెలిసినవాళ్ళు అట్లా ఉంటారు!

ఆవు నాకిన మంచుగడ్డ

మొట్టమొదట ఏమీ లేదు. నేల లేదు, ఆకాశం లేదు, ఇసుకరేణువు కూడా లేదు. పెద్ద అగాధం ఒక్కటి నోరు తెరుచుకుని ఉన్నది. దానికి ఉత్తరాన చలిలోకం, దక్షిణాన నిప్పులోకం. చలి అంటే ఎట్లాంటిదో బనగానపల్లె పిల్లలకు చెప్పటం కష్టమే గాని, రోళ్ళు పగిలే రోహిణీకార్తె ఎండ తెలిసినవాళ్ళు కనుక నిప్పులోకం ఎట్లా ఉంటుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నిప్పుగాలి వచ్చి మంచుకు తగిలింది. మంచు కరిగి బొట్లుబొట్లుగా రాలింది. ఆ బొట్లలోనుంచి యిమిర్ అనే మహాకాయుడు పుట్టాడు. వాడితోపాటు ఒక ఆవు కూడా పుట్టింది. దాని పేరు ఆధుమ్లా. దాని పొదుగునుంచి నాలుగు పాలధారలు నదుల్లాగా పారుతూ ఉంటే, వాటిని తాగి యిమిర్ బతికాడు.

మరి ఆవు ఏం తినాలి? గడ్డిపరక లేదు. ఆవులకు ఉప్పంటే ఇష్టమని మీకు తెలుసుగా? అక్కడి మంచుగడ్డలు ఉప్పగా ఉన్నాయి. ఆవు వాటిని నాకసాగింది. మొదటిరోజు సాయంకాలానికి మంచులోనుంచి వెంట్రుకలు బయటపడ్డాయి. రెండోరోజుకు తల బయటపడింది. మూడోరోజుకు అందమైన మనిషి నిలువునా లేచి నిలబడ్డాడు. అతని మనమడే ఓడిన్.

తరవాత ఓడిన్, అతని తమ్ముళ్ళు యిమిర్‌ను చంపి, వాడి శరీరంతో లోకాన్ని చేశారు. ఎముకలు కొండలైనాయి. నెత్తురు సముద్రమైంది. పుర్రె ఆకాశమైంది. ఆకాశం కిందపడకుండా నాలుగు మూలలా నలుగురు మరుగుజ్జులను నిలబెట్టారు. మనకు దిక్కులను మోసే ఏనుగులున్నాయి, వాళ్ళకు మరుగుజ్జులున్నారు. మన ఆదిశేషుడు భూమిని తలమీద మోస్తే, వాళ్ళ మహాసర్పం భూమి చుట్టూ చుట్టుకుని తన తోక తానే కరుచుకుని సముద్రంలో పడుకున్నది.

లోకాల నడుమ ఒక మహావృక్షం ఉన్నది. దాని కొమ్మన గద్ద కూర్చుంటుంది. వేరును ఒక పాము కొరుకుతూ ఉంటుంది. ఈ రెంటికీ నడుమ ఒక ఉడుత అస్తమానం పైకీ కిందకూ పరుగెత్తుతూ ఉంటుంది. గద్ద తిట్టిన తిట్లు పాముకూ, పాము తిట్టిన తిట్లు గద్దకూ చేరవేయటమే దాని పని! రాముడికి సాయం చేసి వీపున చారలు పొందిన మన ఉడుత ఎక్కడ, ఈ కొండెగాడు ఎక్కడ!

ఓడిన్ కాకుల సంగతి మరిచిపోయాను. వాటి పేర్లు హూగిన్, మునిన్. అంటే ఆలోచన, జ్ఞాపకం. అవి తెల్లవారగానే బయలుదేరి లోకమంతా తిరిగి, తిరిగివచ్చి, చూసిందీ విన్నదీ ఓడిన్ చెవిలో చెబుతాయి.

థోర్ ఓడిపోయిన కథ

ఓడిన్ కొడుకు థోర్. ఉరుములు అతనివే. రెండు మేకపోతులు లాగే రథం ఎక్కి అతను ఆకాశాన పోతూ ఉంటే చక్రాల చప్పుడు ఉరుములాగా వినిపించేదట. మన ఇంద్రుడికి వజ్రాయుధం ఎటువంటిదో, థోర్‌కు అతని సమ్మెట అటువంటిది. విసిరితే తగలకుండా ఉండదు. తగిలాక తిరిగి అతని చేతికే వస్తుంది. ఇంత బలం ఉన్నవాడికి గర్వం ఉండటంలో ఆశ్చర్యమేమున్నది?

ఒకసారి థోర్ రాక్షసుల దేశం చూడటానికి బయలుదేరాడు. అతని వెంట లోకి అనే జిత్తులమారి దేవుడు, థ్యాల్ఫి అనే కుర్రవాడు, వాడి చెల్లెలు ఉన్నారు. థ్యాల్ఫి మహా పరుగుకాడు.

అడవిలో చీకటిపడింది. వాళ్ళకు ఒక వింత ఇల్లు కనిపించింది. దాని వాకిలి ఇల్లంత వెడల్పున ఉన్నది. లోపల బెలుం గుహల్లాగా పెద్ద చావడి, ఒకపక్క చిన్న గది. అక్కడే పడుకున్నారు. అర్ధరాత్రివేళ భూమి గడగడ వణికింది. అందరూ భయపడి చిన్న గదిలో దూరారు. తెల్లవారి బయటికి వచ్చి చూస్తే, కొండంత రాక్షసుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. వాడి గుర్రుకే భూమి అదిరింది. వాడు లేచి, ‘‘నా చేతితొడుగు ఎక్కడ పడిపోయిందబ్బా?’’ అని వెతుక్కుని, వాళ్ళు పడుకున్న ‘ఇంటిని’ ఎత్తి చేతికి తొడుక్కున్నాడు! చిన్న గది అనుకున్నది బొటనవేలి తొడుగు!

ఆ రాత్రి రాక్షసుడు మళ్ళీ నిద్రపోతూ ఉండగా థోర్ సమ్మెటతో వాడి నెత్తిమీద ఒక్కటి వేశాడు. వాడు కళ్ళు నులుముకుని, ‘‘ఆకు ఏదైనా రాలిందా?’’ అన్నాడు. థోర్ ఇంకా గట్టిగా రెండో దెబ్బ వేశాడు. ‘‘చెట్టు మీది కాయ పడ్డదా?’’ అన్నాడు. మూడోది బలంకొద్దీ వేశాడు. ‘‘పిట్ట రెట్ట వేసినట్టున్నదే!’’ అన్నాడు.

మర్నాడు వాళ్ళు రాక్షసరాజు కోటకు చేరారు. రాజు వాళ్ళను చూసి నవ్వి, ‘‘ఏదో ఒక విద్య రానివాడికి మా కోటలో చోటులేదు. మీకేం వచ్చు?’’ అన్నాడు.

‘‘నా అంత వేగంగా తినేవాడు ఎవడూ లేడు,’’ అన్నాడు లోకి. మాంసంతో నిండిన పొడుగాటి తొట్టె తెచ్చిపెట్టారు. ఒక కొసన లోకి, రెండో కొసన లోగి అనేవాడు కూర్చుని తింటూ వచ్చి సరిగ్గా నడిమధ్య కలుసుకున్నారు. కాని లోకి మాంసం మాత్రమే తిన్నాడు. లోగి ఎముకలతో, తొట్టెతో సహా తినేశాడు!

థ్యాల్ఫి హూగి అనే కుర్రవాడితో పరుగుపందెం వేశాడు. మూడుసార్లు పరుగెత్తారు. మూడోసారి థ్యాల్ఫి సగం దూరం పోకముందే హూగి గమ్యం చేరాడు.

ఇక థోర్ వంతు. రాజు ఒక పొడుగాటి కొమ్ము తెప్పించి, ‘‘మా వాళ్ళు దీన్ని ఒక్క గుక్కలో తాగేస్తారు. చేతకానివాళ్ళు రెండు గుక్కలు. మరీ అసమర్థులు మూడు,’’ అన్నాడు. థోర్ ఊపిరి బిగబట్టి మూడు గుక్కలు తాగాడు. కొమ్ములో అంచునుంచి కొంచెం మాత్రమే తగ్గింది.

‘‘పోనీ, మా పిల్లిని ఎత్తు. మా ఊరి చంటిపిల్లలు ఎత్తుతారు,’’ అన్నాడు రాజు. థోర్ పిల్లి పొట్టకింద చేయివేసి ఎత్తాడు. పిల్లి విల్లులాగా వంగిందేగాని నేల వదలలేదు. చివరకు ఒక్క పాదం లేచింది.

థోర్‌కు ఒళ్ళు మండిపోయింది. ‘‘ఎవరైనా నాతో కుస్తీకి రండి!’’ అని అరిచాడు.

‘‘నీతో కుస్తీ పట్టటానికి మావాళ్ళు సిగ్గుపడతారు. నన్ను పెంచిన అవ్వ ఉన్నది, పిలవనా?’’ అన్నాడు రాజు. కర్రలాంటి ముసలమ్మ వచ్చింది. థోర్ ఎంత బలంగా పడితే ఆమె అంత గట్టిగా నిలబడింది. ఆఖరుకు థోర్ ఒక మోకాలి మీద కూలబడ్డాడు.

ఆ రాత్రి రాజు వాళ్ళకు మంచి విందు చేశాడు. మర్నాడు కోట బయటిదాకా సాగనంపి, ‘‘థోర్, ఇప్పుడు నిజం చెబుతాను, విను. నీ బలం ముందే తెలిసి ఉంటే నిన్ను లోపలికి రానిచ్చేవాణ్ణి కాను. అడవిలో పడుకున్నది నేనే. నువ్వు నా తల అనుకుని కొట్టింది ఒక కొండను. అదుగో చూడు, మూడు లోయలు పడ్డాయి. లోకి పోటీపడ్డ లోగి ఎవరనుకున్నావు? అగ్ని! అగ్ని తొట్టెను మాత్రం వదులుతుందా? థ్యాల్ఫితో పరుగెత్తినవాడు నా ఆలోచన. ఆలోచనను మించి పరుగెత్తేవాడెవడు? నువ్వు తాగిన కొమ్ము రెండో కొస సముద్రంలో ఉన్నది. నువ్వు తాగినంత మేరా సముద్రం వెనక్కు పోయింది. ఆ పిల్లి భూమిని చుట్టుకుని ఉన్న మహాసర్పం. దాని పాదం లేచినప్పుడు మాకు గుండెలు ఆగిపోయాయి. ఇక ఆ ముసలమ్మ, ఆమె పేరు ముసలితనం. ఆమెను పడగొట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు, పుట్టబోడు. నువ్వు ఒక్క మోకాలి మీద మాత్రమే వంగావు!’’ అన్నాడు.

థోర్ పట్టరాని కోపంతో సమ్మెట ఎత్తాడు. ఎదురుగా రాజూ లేడు, కోటా లేదు. పచ్చికబయలు మాత్రం ఉన్నది.

సముద్రపు ఆటుపోట్లకు ఆ దేశంవాళ్ళు చెప్పుకున్న కారణం థోర్ తాగటం. ఆటుపోట్లకు అసలు కారణం చంద్రుడి ఆకర్షణ అనీ, అందులో సూర్యుడికి కూడా కొంత పాలున్నదనీ మీ సైన్సు పంతులుగారు చెప్పే ఉంటారు. కాని ఓడినవాడు కూడా గొప్పవాడే కావచ్చుననీ, ఎదుటివాడు ఎవరో తెలియకుండా మన బలాన్ని కొలుచుకోకూడదనీ చెప్పటానికి సైన్సు పుస్తకం చాలదు. దానికి కథ కావాలి.

ఇంకొక మాట. ఈ దేవతలు మీ ఇంట్లో కాలెండరు మీదే ఉన్నారు! ఇంగ్లీషువాళ్ళ థర్స్‌డే థోర్ వారం. వెన్స్‌డే ఓడిన్ వారం. ట్యూస్‌డే టైర్ అనే యుద్ధదేవుడి వారం. ఫ్రైడే ఓడిన్ భార్య ఫ్రిగ్ వారం. రోమనులు వారాలకు గ్రహాల పేర్లు పెడితే, ఉత్తరాదివాళ్ళు ఆ గ్రహదేవతల చోట తమ దేవతలను కూర్చోబెట్టారు. మనమూ అదే గ్రహాల వరసను పాటిస్తున్నాం. అందుకే యుద్ధదేవుడి ట్యూస్‌డే మనకు కుజుడి మంగళవారమైంది.

కొమ్ము మోగిన తరవాత

ఇక మిగిలింది లోకం ముగిసే కథ. దాన్ని వాళ్ళు రాగ్నరోక్ అంటారు.

ముందు మూడు చలికాలాలు వరసగా వస్తాయి. నడుమ వేసవి ఉండదు. అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకుంటారు. సూర్యుణ్ణి తరుముతున్న తోడేలు మన రాహువులాగా సూర్యుణ్ణి మింగేస్తుంది. కాని రాహువు మింగిన సూర్యుడు తిరిగివస్తాడు; ఆ తోడేలు మింగితే మరి రాడు. అప్పుడు దేవతల వాకిట కావలి ఉండే హైమ్డాల్ తన కొమ్ముబూర ఊదుతాడు. ఆ ధ్వని అన్ని లోకాలకూ వినిపిస్తుంది. మహాసర్పం సముద్రంలోనుంచి లేస్తుంది. థోర్ దాన్ని చంపి, తొమ్మిది అడుగులు నడిచి, దాని విషానికి తానూ పడిపోతాడు. నిప్పులోకంనుంచి మంట వచ్చి అంతా కాల్చేస్తుంది. భూమి సముద్రంలో మునిగిపోతుంది.

ఈ మూడేళ్ళ చలికాలం ఒట్టి కల్పన కాకపోవచ్చునని కొందరు పండితుల ఊహ. 536వ సంవత్సరంలో ఒక పెద్ద అగ్నిపర్వతం పేలి, దాని దుమ్ము ఆకాశాన్ని కప్పేసింది. ఏడాదికి పైగా ఎండ మసకబారింది. ఉత్తరదేశాలలో పంటలు పోయాయి, ఊళ్ళు పాడుపడ్డాయి. ఆ భయం తాతల నోట మనమలకు చేరి, కథ అయి ఉండవచ్చు. బసవన్న రంకె కథ విన్న రాత్రి మన సీమ పిల్లలు దుప్పటి ముసుగు పెట్టినట్టే, మంచుదేశపు పిల్లలు కూడా కంబళి ముసుగు పెట్టే ఉంటారు.

పిల్లలు దడుచుకుంటారని కొందరు పెద్దలు ఈ కథనే చెప్పరు. ఇంకొందరు భూమి మునిగినచోట కథ ఆపి, ‘‘ఇక పడుకో!’’ అంటారు. ఆ రాత్రి పిల్లవాడు పడుకోడు. రెండూ పొరపాటే. ఎందుచేతనంటే కథ అక్కడ అయిపోలేదు!

కొంతకాలానికి నీళ్ళలోనుంచి భూమి మళ్ళీ పైకి వస్తుంది, పచ్చగా. విత్తకుండానే చేలు పండుతాయి. సూర్యుడు వాళ్ళ కథల్లో ఆడది. ఆమె మింగుడుపడక ముందే ఒక కూతుర్ని కన్నది. ఆ కూతురు తల్లి తిరిగిన దారినే ఆకాశాన తిరుగుతుంది. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి అడవిలో దాక్కుని, ఉదయపు మంచు తాగి బతికి ఉంటారు. వాళ్ళ పిల్లలతో లోకం మళ్ళీ నిండుతుంది. చావగా మిగిలిన కుర్రదేవతలు పచ్చికలో కూర్చుంటారు. అక్కడ వాళ్ళకు ఏం దొరుకుతాయో తెలుసా? వాళ్ళ పెద్దలు పూర్వం ఆడుకున్న బంగారు ఆటకాయలు!

మన పురాణాలలో కూడా కలియుగంతో కాలం ఆగదు. మళ్ళీ కృతయుగం వస్తుంది. ఎక్కడో ఉన్న మంచుదేశంవాళ్ళకూ, ఎండలో మాడే మనకూ ఈ ఆశ ఒక్కటే కావటం ఎంత బాగున్నది!

తల్లిదండ్రులకు ఒక మాట. పసివాళ్ళకు ముందు ఆవు కథ, ఉడుత కథ, చేతితొడుగు కథ చెప్పండి. యిమిర్‌ను చంపటం కొంచెం ఎదిగాక చెప్పవచ్చు. నోరు తిరగని పేరు వస్తే దాని అర్థం చెప్పండి. పేరుకోసం కథ ఆపకండి. రాగ్నరోక్ మాత్రం పిల్లలు అడిగిన రోజునే చెప్పండి. కాని ఆటకాయలు దొరికేదాకా దీపం ఆర్పకండి.

పిల్లలూ! మీరు ఎప్పుడైనా యాగంటి వెళితే బసవన్న చెవి దగ్గర నిలబడి, దూరదేశాన ఒక ఆవు మంచుగడ్డను నాకి మనిషిని బయటికి తెచ్చిన కథ చెప్పండి. తన జాతివాళ్ళ గొప్ప విని ఆయన తప్పక సంతోషిస్తాడు.